ఏడు రేకుల లేసు

దగ్గరికి జరగండి, ఆ ఫోను కాసేపు పక్కన పెట్టండి. ఇది మా అమ్మ సంగతి. గట్టిగా చెప్పే ఓపిక నాకు లేదు.

కిందటి వేసవిలో మా మనవరాలు గ్రేసి నన్ను రాజమండ్రిలో బొమ్మల మ్యూజియానికి తీసుకెళ్లింది. కళ్లు మసకబారాయని వెళితే డాక్టరు నాలుగింటికి రమ్మన్నాడు. అంతవరకు నీడపట్టున కూర్చోడానికి అదొక్కటే కనబడింది. లోపల ఫ్యాన్లు బాగా తిరుగుతున్నాయి. గోడల నిండా గోదావరి మీద తెరచాప పడవలు, రాజులు, బట్టలు సరిగా కట్టుకోని ఆడవాళ్లు. గ్రేసి అది కళ అంది. సరేలే అన్నాను.

మూడో గదిలో మా అమ్మ కూర్చుని ఉంది.

మా ఇంట్లో అమ్మ ఫొటో ఒక్కటీ లేదు. నాకు తొమ్మిదేళ్లప్పుడే పోయింది, ముఖం ఏనాడో మరిచిపోయాను. అందుకని ముఖాన్ని పోల్చుకోలేదు, చెంబును పోల్చుకున్నాను. మా నరసాపురంలో లేసు అల్లే ఆడవాళ్లంతా దారపుండను ఒళ్లో పెట్టుకునేవారు. మా అమ్మ మాత్రం అది దొర్లిపోకుండా ఇత్తడి చెంబులో వేసుకునేది. బొమ్మలో ఆ చెంబు ఉంది, అందులోంచి పైకొచ్చే దారం ఉంది, చేతిలో కొక్కెం సూది, ఒళ్లో తెల్లటి లేసు. ఎవరో బొమ్మలాయన వచ్చి తనను గీశాడని, కదలొద్దని చెప్పి చేతులు మాత్రం ఆడించుకోమన్నాడని అమ్మ చెబుతుండేది.

కింద చీటీని గ్రేసి చదివింది. "పూలు కడుతున్న యువతి. పేరు తెలియదు." చెంబులో ఉన్నవి పూల మీద చల్లే నీళ్లని కూడా రాశారు.

అక్కడి ఆఫీసరు చంద్రరావు గారు మర్యాదస్తుడు, కుర్చీ వేయించాడు. అవి పూలు కావని, ఆవిడ పేరు తబిత అని, నేను ఆవిడ కూతురు సంపూర్ణమ్మనని, చీటీ మార్చాలని చెప్పాను.

"రుజువు ఉండాలి కదండీ. అమ్మగారి గుర్తింపు కార్డు లాంటిది ఏదైనా..."

"ఆవిడకి కార్డు లేదు బాబూ. నేనే ఉన్నాను."

ఆయన నన్ను కాసేపు చూశాడు. నేను సరిపోనన్నాడు.

అప్పుడు బొమ్మకు ముక్కు ఆనించి లేసు పువ్వుల రేకులు లెక్కపెట్టాను. కళ్లు కనబడవని డాక్టరు కోసం వచ్చినదాన్ని, ఏడు లెక్కపెట్టాను. లేసు కొనే షావుకారు ఇచ్చిన నమూనాలో ఎనిమిది ఉండాలి. మా అమ్మ జన్మలో ఎనిమిదోది వెయ్యలేదు. షావుకారు తిప్పి పంపిస్తే, అది గాలికి రాలిపోయిందని చెప్పమనేది. తిరిగొచ్చిందంతా ఇంట్లోనే మిగిలిపోయింది. అందుకే ఇవాళ్టికీ మా ఇంట్లో దిండుకు, టీవీకి, ఫ్రిజ్జుకు, ఆఖరికి గ్యాసు బండకు కూడా లేసు ముసుగులే.

మరుసటి వారం ఫ్రిజ్జు ముసుగు సంచిలో పెట్టుకుని, రావులపాలెంలో బస్సు మారి మళ్లీ వెళ్లాను. చంద్రరావు గారు భూతద్దం తెప్పించి ముసుగు మీద ఒకసారి, బొమ్మ మీద ఒకసారి లెక్కపెట్టాడు. ఆ గది వాచ్‌మన్ బంగార్రాజు చేత కూడా లెక్కపెట్టించాడు.

"ఏడేనండి. తప్పుతో సహా గీశాడాయన," అన్నాడు చంద్రరావు గారు.

"అయితే పేరు రాస్తారా?"

"నేను రాయకూడదండి. పై ఆఫీసుకి రాస్తాను."

రాశాడు. ముసుగును పరీక్షకు పంపమని పై ఆఫీసు నుంచి జవాబొచ్చింది. పంపాను. పది నెలలైంది. ఫ్రిజ్జు బోసిగా ఉంది, చీటీ అలాగే ఉంది. బంగార్రాజు మాత్రం ఎవరొచ్చినా, అవి పూలు కావండి, లేసండి, ఆవిడ తబితమ్మ గారండి అని చెబుతున్నాడు. వచ్చే నెలలో అతను రిటైరవుతున్నాడు.

అందుకే మిమ్మల్ని పిలిచాను. రాజమండ్రి వెళితే మూడో గదికి వెళ్లండి. పక్కన ఎవరున్నా, వాళ్లు చీటీ చదివేలోపే ఆవిడ పేరు చెప్పండి. రేకులు లెక్కపెట్టించండి. ఇంటికెళ్లి ఇంకొకరికి చెప్పమనండి. ఎవరైనా ఎనిమిది అంటే, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టమనండి.