కడిగిన మూట

మబ్బు పట్టి మూడు రోజులైంది, చినుకు లేదు. ఆ పొద్దున కూడా ఆకాశం బూడిద ఎత్తని పొయ్యిలా ఉంది. మాదాపూర్ గుట్టల్లో బండలు పేల్చిన దుమ్ము పైకి పోలేక, కిందికి దిగలేక అలాగే నిలబడిపోయింది.

వృద్ధాశ్రమం వెనక గోడ పక్కన ఐలయ్య గడ్డపార వేస్తున్నాడు. రెండడుగులు దిగితే రాయి తగిలే నేల అది. మెత్తటి చోటు ఎక్కడుందో అతని అరికాళ్లకు తెలుసు. మూడడుగుల గుంత తీసి, అడుగున సున్నం చల్లి, కింది హాల్లో మంచాలకు అంటుకుపోయిన పదకొండు మంది ముసలివాళ్ల డైపర్లు అందులో పరుస్తాడు. ముందే మలం మరుగుదొడ్లో దులిపి, ఒక్కోదాన్ని లోపలికి చుట్టి, దాని పట్టీలతోనే బిగించి తెస్తాడు. వాటిమీద మళ్లీ సున్నం, ఆపైన మన్ను, అన్నిటిమీదా ఒక బండ.

యాభై ఆరేళ్ల మనిషి. పొట్టి. నడుము ఎడమకు ఒరిగింది. సున్నానికి వేళ్ల సందులు పగిలి పాలిపోయాయి. గజ్వేలు దగ్గర ఊళ్లో పన్నెండేళ్లు పటేలు గొడ్లను కడిగాడు. పట్నం వచ్చి సర్కారు దవాఖానలో పదహారేళ్లు నేల కడిగాడు, పర్మినెంటు కాలేదు. ఇక్కడ నాలుగేళ్లు. తన గురించి చెప్పుకోడానికి అతనికున్నది ఒకటే మాట: ఐలయ్య పూడ్చిన గుంతను కుక్క తోడలేదు.

గోడ అవతలి నుంచి ఒక మూట వచ్చి అతని కాళ్ల దగ్గర పడింది.

"ఏయ్ ముసలోడా! మీ గలీజంత మా మీద పోస్తున్నవేంది?" పక్క సైటు వాచ్‌మన్ కుమార్ గోడ మీదికి తల పెట్టాడు. "నిన్న పరిచిన పాలరాయి మీద పడి మూట పలిగింది. గిది మూడోసారి. ఇంజినీరు సారు మున్సిపాలిటోళ్లను తోల్కొస్తనంటుండు."

"నేనెయ్యలె."

"నువ్వెయ్యకుంటె మొగులు మీదికెల్లి రాలిందా?"

కేకలకు మేనేజరు నవనీత ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. కుమార్ చెప్పింది విన్నది. ఐలయ్య చెప్పబోయింది వినలేదు.

"తవ్వడానికి బద్ధకమైతే చెప్పెయ్, ఇంకొకణ్ణి పెట్టుకుంటాను. సాయంత్రంలోగా ఇది ఎవరి పనో తేలాలి. తేలకపోతే రేపట్నుంచి నువ్వు రావద్దు."

ఆమె వెళ్లాక ఐలయ్య మూట విప్పాడు. తడిసి ముద్దయిన పేపరు లోపల డైపరు పసిపిల్లంత బరువుంది. పిగిలిన చోట నానిన సగ్గుబియ్యం లాంటి జిగురు కారుతోంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వాసన లేదు.

కడిగారు.

ఉగాదికి ముందు గుడ్డపేలికలు మానేసి ఈ సరుకు తెప్పించిన మొదటి రోజున, పాత అలవాటు కొద్దీ అతను కూడా ఒకదాన్ని బండమీద వేసి కడిగాడు. అది నీళ్లు తాగి తాగి బొజ్జలా ఉబ్బి పగిలి, తూమంతా మూసేసింది. వంటమనిషి ఈశ్వరమ్మ రెండు రోజులు నవ్వింది. ఆ తర్వాత కింద ఎవరూ కడగలేదు. కడగడానికి కింది హాల్లో లేవగలిగినవాళ్లే లేరు.

మేడమీద తమ పని తాము చేసుకునేవాళ్లు ఉంటారు. పక్క తడిపితే కిందికి దించేస్తారు, అది ఆశ్రమం నియమం. మేడమీద తెల్లారకముందే కుళాయి తిప్పి గంటసేపు కట్టనివాడు ఒక్కడే: భీమేశ్వరరావు. గోదావరి వైపు మనిషి, నీటిపారుదల శాఖలో చేసి రిటైరయ్యాడు. రెండేళ్లుగా ఐలయ్య బాల్చీతో ఎదురుపడితే చాలు, తువ్వాలుతో ముక్కు మూసుకుని, "మనుషులు తిరిగేచోటికి దాన్ని తేవద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" అని కసురుతాడు. ఐలయ్య మరుసటి రోజు బాల్చీని ఇంకో జానెడు దగ్గరగా ఊపుకుంటూ పోతాడు.

మధ్యాహ్నం మూట పట్టుకుని మేడెక్కాడు.

"సారు, ఇది మీదే."

"నీ మొహం. దిగు కిందికి."

"కింద ఎవ్వలు కడగరు సారు. నేను గూడ కడగ. దీన్ని ఎవలో మంచిగ కడిగిర్రు."

"కడక్కుండా పారేస్తాడటయ్యా ఎవడైనా! మనిషన్నాక..."

మాట సగంలో ఆగింది. చేత్తో మంచం కోడు పట్టుకున్నాడు.

"చెప్పుకో పో. నీ మాట ఎవరు నమ్ముతారు?"

"నమ్మకుంటె నా నౌకరి పోతది. ఈ వయసుల నన్నెవడు పెట్టుకుంటడు?"

"నన్ను ఆ కింది హాల్లో పడేస్తారు. పొద్దున్నే నువ్వొచ్చి నీ చేతుల్తో నన్ను..."

"నా చేతులకేమైంది సారు?"

ఆయన పక్క సైటు మీదికి తెరుచుకునే కిటికీ వైపు తిరిగాడు. ఐలయ్య మెట్లు దిగాడు.

సాయంత్రం నవనీత అడిగింది. ఐలయ్య తలెత్తకుండా, "మేడ మీది సారుది," అన్నాడు. అంతే. ఆమె పైకి వెళ్లింది. పెట్టె తెరిస్తే మందుల షాపు కవర్లో ఇంకా నాలుగు డైపర్లు ఉన్నాయి. భీమేశ్వరరావు కాదనలేదు. కింద మంచం వేయిస్తానంటే వద్దన్నాడు. ఫోను చేసుకుంటానన్నాడు.

దీపాలు పెట్టేవేళకు మూసాపేట నుంచి తమ్ముడి కొడుకు ఆటోలో వచ్చాడు. "ఉన్నపళంగా రమ్మంటే ఎలాగండీ పెదనాన్నా? రెండు గదుల్లో మిమ్మల్ని ఎక్కడ పడుకోబెట్టను?" అని గేటు దగ్గరే గొణిగాడు. భీమేశ్వరరావు మెట్లమీద కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టుకీ రెండు కాళ్లూ ఆనించి దిగాడు. వెనకవైపు ఐలయ్య ఆ మూటను గుంతలో వేసి సున్నం చల్లుతున్నాడు. ఆటో స్టార్టయిన చప్పుడు విన్నాడు. పార ఆపలేదు.

"నీ పని నీదేలే, అన్నానికి రా," అని నవనీత పిలిచింది.

అక్కడ మేడమీదివాళ్లూ పనివాళ్లూ ఒకే పంక్తి, పనివాళ్లు చివర. ఐలయ్య మోచేతుల దాకా రెండుసార్లు రుద్దుకుని వచ్చి కూర్చున్నాడు. చెంచాల చప్పుడు, మజ్జిగ జుర్రిన చప్పుడు. ఈశ్వరమ్మ అలవాటు కొద్దీ భీమేశ్వరరావు కూర్చునే కిటికీ పక్క ఖాళీ చోట కూడా వడ్డించేసింది. పళ్లెం ఆయన ఇంటినుంచి తెచ్చుకున్నది. అంచుమీద కొట్లో చుక్కలు కొట్టించిన అక్షరాలున్నాయి. నాలుగో తరగతి చదువుతో ఐలయ్య ఎదుటి వరస నుంచి, తలకిందులుగా, ఒక్కోటీ కూడబలుక్కున్నాడు: భ్ర, మ, రాం, బ. ఆయన భార్య కాబోలు; ఆ పేరుగల మనిషి సంగతి ఆయన ఎన్నడూ ఎవరితోనూ ఎత్తలేదు.

ఎవరూ దాన్ని తీయలేదు. పప్పు మీద పొర కట్టింది. అన్నం మెతుకులు పళ్లెం అంచున ఎండిపోతున్నాయి.