నల్లముడి

తెల్లారి టీ తాగి గ్లాసు బోర్లించాక బుల్లెమ్మ అరుగు మీద లేసు పట్టుకుని కూర్చుంటుంది. నరసాపురం పక్క ఆ వీధిలో ఏ ఇంట చూసినా లేసు అల్లేవాళ్లే గానీ, ఆ రోజు వాతావరణం వచ్చి దిగేది మాత్రం ఆవిడ అల్లికలోకే. తూర్పుగాలయితే పువ్వులు తూర్పుకి తిరుగుతాయి. వానయితే దారం చెమ్మగిల్లుతుంది. పిడుగయితే తెల్లదారంలో నల్లముడి పడుతుంది.

"బుల్లెమ్మగారూ, ధాన్యం ఆరబోసుకోవచ్చాండీ?" అంది ఎదురింటి నాగదుర్గ.

"నీ ఫోనేమంటోంది?"

"అక్కడక్కడా పిడుగులంటండి. ఆ అక్కడక్కడా అంటే ఎక్కడో వాళ్లకే తెలియాలి!"

"దారం పొడిగానే ఉందమ్మా. ఆరబోసుకో, మళ్లీ చెబుతాను."

ఏప్రిల్ నెల, రెండో పంట దాళ్వా కోతలు. కొడుకు హరిబాబు నలుగురు కూలీలతో కళ్లంలో ఉన్నాడు. నాలుగేళ్ల కిందట బుల్లెమ్మ భర్త వెంకన్న పిడుగు పడి పోయింది ఆ కళ్లంలోనే. ఆ రోజు లేసు ఏమీ చెప్పలేదనే అందరూ అనుకున్నారు.

తొమ్మిదింటికి పువ్వులు పడమటికి తిరిగాయి. పదిన్నరకి తూర్పుకి మళ్లాయి. పదకొండు దాటాక సగం ఇటు, సగం అటు. పైన చూస్తే మబ్బు తునక లేదు. అయినా పన్నెండింటికి పడింది నల్లముడి, కందిగింజంత.

"నాగదుర్గా, ధాన్యం ఎత్తేసుకో!" అని కేకేసి, కొడుక్కి ఫోన్ చేసింది. "ఒరేయ్ హరీ, అందర్నీ తీసుకుని వచ్చెయ్యి."

"రాశి మీద పరదా కప్పేసి వస్తానమ్మా. అరగంట. తడిస్తే ఏడాది కష్టం మట్టిపాలు. వానొస్తే కొబ్బరిచెట్టు కింద నిలబడతాంలే."

బుల్లెమ్మ అరుగు మీంచి లేచి నిలబడింది.

"మీ నాన్న పోయిన రోజునా పడిందిరా ముడి. సాయంత్రం సరుకివ్వాలి, మచ్చ ఉంటే కొనేవాళ్లు తీసుకోరని విప్పేసి మళ్లీ అల్లాను. ఆయనకి చెప్పలేదు. నేనే చంపుకున్నాన్రా."

ఫోన్లో హరిబాబు కూలీలని కేకేయడం వినిపించింది. "పరదా వదిలెయ్యండి. పదండి, పదండి!"

వాళ్లు ఊళ్లోకి వచ్చేసరికి పట్టపగలే చీకటి పడింది. పిడుగు కళ్లం గట్టు మీద ఆ కొబ్బరిచెట్టు మీదే పడింది, చెట్టు తలలో మొవ్వుతో సహా కాలిపోయింది. ధాన్యం సగం నీళ్లపాలైంది.

హరిబాబు తలైనా తుడుచుకోకుండా తల్లి పక్కన చతికిలబడ్డాడు. లేసు తీసుకుని ముడి మీద వేలు పెట్టాడు.

"నాన్నప్పటిది కూడా ఇంతే ఉందా అమ్మా?"

"ఇంత లేదురా, ఆవగింజంత," అంది బుల్లెమ్మ. "కొనేవాళ్లకి కనబడేది కూడా కాదు."

హరిబాబు ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.