వినే చెయ్యి

కొండెక్కుతున్నంతసేపూ పిచ్చుక నోరు మూయలేదు. పెళ్లయి నెల తిరగని పిల్ల. పొగమంచు కనిపించినా, రాతిమీద తొండ కనిపించినా, "బావా, చూడు చూడు" అంటూ మొగుడి మోచెయ్యి లాగుతూనే ఉంది. ఆ కిచకిచలకే మేనమామ కొడుకు చిన్నప్పుడు ఆ పేరు పెట్టాడు. ఇప్పుడు ఆ బావే మొగుడయ్యాడు. శిల్పి. పట్టుమని పది మాటలు మాట్లాడని మనిషి.

యాత్రికుల్లో చాలామంది శిఖరం మీది గుడికి వెళ్తుంటే, వీళ్లు దాని కింది మలుపులో ఉన్న సమాధి మందిరానికి బయలుదేరారు. వేదాంతం మీద లావుపాటి పుస్తకాలు రాసిన పెద్దాయన ఈ కొండమీదే బతికి, ఇక్కడే కన్నుమూశాడు. ముసలితనంలో ఆయనకు చెవులు సరిగా వినపడేవి కావు. ఎవరైనా కాళ్లమీద పడబోతే, "లే, ముందు నీ సంగతి చెప్పు" అని, కుడిచెయ్యి చెవి వెనక దొప్పలా పెట్టి ముందుకు వంగేవాడట. ఈ మందిరం కోసం బావ ఆయన్ని సరిగ్గా అలాగే చెక్కాడు, ఒకే రాతిలోంచి. వేళ్లకీ చెవికీ మధ్య వెలుతురు దూరేంత సందు తొలవడానికి వానాకాలమంతా పట్టిందని పెళ్లికి ముందు ఓ సాయంత్రం చెప్పాడు. అతను అంతసేపు మాట్లాడటం ఆమె వినడం అదే మొదలు.

"పెళ్లయ్యాక నన్నెక్కడికీ తిప్పక్కర్లేదు. ఆ బొమ్మ చూపించు చాలు" అంది.

తీరా మందిరంలో అడుగుపెడుతూనే బావ టక్కున ఆగిపోయాడు. వెనకే వస్తున్న పిచ్చుక ముక్కు అతని వీపుకి గుద్దుకుంది.

"ఏంటి బావా..." అంటూ పక్కనుంచి తొంగి చూసింది.

బొమ్మకు చెవి దగ్గర చెయ్యి లేదు. మోచేతి దగ్గర కోసేసి, సిమెంటుతో కొత్త చెయ్యి అతికించి బూడిదరంగు పూశారు. అరచెయ్యి చాచి దీవిస్తున్న చెయ్యి. ముందుకు వంగిన మనిషికి దాన్ని తగిలించేసరికి, పెద్దాయన బళ్లు ఆపే ట్రాఫిక్ పోలీసులా ఉన్నాడు. ఆ చేతికింద తలపెట్టి జనం వరసగా ఫొటోలు దిగుతున్నారు.

బావ బొమ్మ దగ్గరికెళ్లి చెవిని వేలితో తడిమాడు. అరగదీసి చదును చేసేశారు. ఏమీ అనకుండా బయటికొచ్చి అరుగుమీద కూర్చున్నాడు.

 ఈ మౌనం పిచ్చుకకు తెలుసు. మామయ్య పోయినప్పుడు బావ ఇలాగే బిగుసుకుపోయి, ఏడాదిపాటు ఉలి ముట్టలేదు. ఇప్పుడూ అలాగే అయితే? ఆ భయం చూస్తుండగానే కోపమైంది. విసవిసా మందిరం ట్రస్టు మేనేజరు గదిలోకి వెళ్లింది.

"ఆ చెయ్యి ఎందుకు తీశారండీ?"

"చెవి దగ్గర చెయ్యేంటమ్మా, గురువుగారు చెవిటివారా అని జనం అడుగుతున్నారు."

"చెవిటివారేగా."

"అవుననుకో. బొమ్మలో కూడా చెవిటివారుగా ఉండాలా? ఇంత ఎత్తు ఎక్కి వచ్చేది ఆశీర్వాదం కోసం. సొంత కష్టాలు చెప్పుకోడానికి కాదు."

"ఆయన అందరినీ అడిగిందే అది కదండీ."

"ఆయన ఉన్నప్పుడు పదిమంది వచ్చేవారు. ఇప్పుడు చూడు." మేనేజరు కిటికీలోంచి క్యూ చూపించాడు. "చెక్కినవాడికి లేని బాధ నీకెందుకు? ఒక్క మాటన్నాడా?"

ఆ మాటతో ఆమెకు ఒళ్లు మండిపోయింది. బయటికొచ్చి చెప్పుల కోసం వెతుక్కుంటే, స్టాండు మీద వానకు కప్పిన పాలిథిన్ పట్టా కనిపించింది. గాలికి ఎగిరిపోకుండా దాని అంచున బరువు పెట్టారు. దొప్పలా వంచిన వేళ్లు. రాతి చెయ్యి.

రెండు చేతులా ఎత్తి, కప్పుకున్న శాలువాలో చుట్టి గుండెకు హత్తుకుంది. మేనేజరు గుమ్మంలోంచే కేకేశాడు.

"ఏయ్, అది ట్రస్టు ఆస్తి."

"చెప్పులమీద పెట్టుకునే ఆస్తా?"

అప్పుడు లేచాడు బావ. సబ్బూ దువ్వెనా మరిచిపోతాడు గానీ సంచిలో ఉలీ సుత్తీ లేకుండా గడప దాటడు. నేరుగా లోపలికెళ్లి బొమ్మ పీఠం ముందు మోకాళ్లమీద కూర్చున్నాడు. పీఠం మూల చిన్న అక్షరాల్లో తన పేరుంది. దెబ్బమీద దెబ్బ. క్యూ చెదిరిపోయింది.

"ఏం చేస్తున్నాడమ్మా వాడు?"

"తన పేరు తను తీసుకుంటున్నాడండీ. చోటు ఖాళీ అయ్యాక మీ పేరు చెక్కించుకోండి."

మేనేజరు ముందుకొచ్చాడు గానీ, సుత్తి పైకి లేవడం చూసి అక్కడే ఆగాడు.

ఇద్దరూ కొండ దిగసాగారు. సగం దారిలో పిట్టగోడ మీద కూలబడ్డారు. బావ ఉలి మొన వంక చూస్తూ కూర్చున్నాడు. దాన్ని అలాగే లోయలోకి వదిలేస్తాడేమో అనిపించింది పిచ్చుకకు. శాలువాలోంచి రాతి చెయ్యి తీసి, ముక్కుతూ మూలుగుతూ తన చెవి వెనక ఆనించుకుని, అతని మీదికి వంగింది.

"ముందు నీ సంగతి చెప్పు."

బావ ఆమె వంక చూశాడు. నోటివెంట వచ్చిన మొదటి మాట అచ్చువేసేది కాదు. రెండోదీ అంతే. తర్వాత కట్ట తెగింది. మేనేజరు, అతని సిమెంటు, అతని బూడిదరంగు, ఫొటోల జనం, దీవెనల పిచ్చి, ఒక్కటీ వదల్లేదు. "చెయ్యి పోతే పోయిందే, చెవి ఏం చేసింది వాళ్లని? చెవినెందుకు అరగదీశారు?" అని అరిచాడు. దారినపోయేవాళ్లు తిరిగి చూస్తున్నారు. పిచ్చుక భుజం లాగేస్తోంది, అయినా చెయ్యి దించలేదు.

చివరికి ఉలిని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టాడు.

"ఈసారి చేతికీ చెవికీ మధ్య ఆ సందు తొలవను. చెయ్యి కోస్తే తలకాయే ఊడేలా చెక్కుతాను. అప్పుడేం అతికిస్తారో చూస్తా."