అక్క ఏడుపు ఇంటికొచ్చిన సాయంత్రం

రండి, దగ్గరగా జరిగి కూర్చోండి. వెనకున్నవాళ్లూ ముందుకు రండి, నా గొంతు ఈమధ్య దూరాలు నడవనంటోంది. పైవాడు నోరిచ్చింది నలుగురికీ పనికొచ్చే మాట చెప్పమనే కదా. ఓ నాటకాలాయన సంగతి చెబుతాను, వినండి.

ఆయన రోజూ పొద్దున్నే వీధి గదిలో కూర్చుని నాటకాలు రాసుకునేవాడు. అన్నీ హాస్యాలే. ఆయన నాటకం ఆడిన రోజు హాల్లో కుర్చీ ఖాళీ ఉండేది కాదు. రాసుకునేటప్పుడు గుమ్మమూ ఖాళీ ఉండేది కాదు. ఎందుకంటే, ఆయన ఎవరి అలవాటు తీసి నాటకంలో పెడితే ఆ అలవాటు ఆ మనిషిని వదిలి వేదికెక్కి కూర్చునేది.

"అయ్యా, మా ఆయన గురక కాస్త మీ నాటకంలో పెట్టండి, పుణ్యముంటుంది" అనేది ఒకావిడ.

"పోయినసారే మీ అత్తగారి సణుగుడు పెట్టాను కదమ్మా."

"అది పోయాకే ఈ గురక వినబడుతోందండీ."

జనం నవ్వినంతకాలం అలవాటు వేదిక మీదే ఉండేది. నవ్వడం మానేస్తే సొంతదారు ఇంటికి వెళ్లిపోయేది. ఓ నాటకం ఆపేశాక, జనం దాన్ని పూర్తిగా మరిచిపోవడానికి ఏడాది పట్టింది. అప్పుడు స్టేషన్ మాస్టరు తుమ్ములు ఆయనకి తిరిగొచ్చాయి. వాళ్లావిడ వచ్చి పెద్ద తగువు పెట్టుకుంది కూడా.

ఈ నాటకాలాయన్ని చిన్నప్పట్నుంచీ పెంచింది అక్క. నాటకాల బట్టలు ఆవిడే కుట్టేది. బావ వడ్రంగి. వేదిక మీది తలుపులూ కిటికీలూ ఆయన చేతివే. అందరూ ఒకే ఇంట్లో ఉండేవాళ్లు.

అక్కది ఓ చిత్రమైన ఏడుపు. అయినవాళ్లెవరైనా పోతే రాగం తీస్తూనే పనులు పురమాయించేది. "నన్నొదిలి ఎలా వెళ్లావే తల్లీ... ఒసేయ్, ఆ పాలు పొంగుతున్నాయి దించు... నేనెలా బతకనే... ఆ కత్తెర అక్కడ పెట్టకండి, పిల్లలు తిరిగే చోటు..." మధ్యమధ్య ముక్కులోంచి ఓ చిన్న కూత.

కొత్త నాటకం సగంలో చతికిలబడినప్పుడు తమ్ముడికి ఆ ఏడుపు గుర్తొచ్చింది. గొడుగు పోగొట్టుకున్న పిన్నిగారి పాత్రకి దాన్ని పెట్టేశాడు. ఊళ్లో వాళ్లంతా అడిగి ఇచ్చుకున్నారు, ఇంట్లో ఉన్న అక్కనే అడగలేదు. ఏడుపు పోతే అక్కకి మేలే కదా అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

మొదటి ప్రదర్శనకే జనం పొట్టలు పట్టుకున్నారు. తెర పక్కన సూదీ దారంతో నిలబడ్డ అక్క తన సొత్తు పోల్చుకుంది.

"నన్నో మాట అడగలేదేంరా?"

"నువ్వెప్పుడో గానీ వాడవు కదక్కా."

"సరేలే, నీ నాటకం బాగుంటే చాలు" అని దారం కొరికి, చిరిగిన అంచు కుట్టుకోవడంలో పడింది.

ఆ వానాకాలం వెళ్లకముందే బావ పోయాడు. కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

అక్క కంట చుక్క రాలేదు. పరామర్శకొచ్చినవాళ్లు గుమ్మం దాటకముందే గుసగుసలాడారు. "మొగుడు పోయినా చలనం లేదు చూడు, గుండె కాదది, బండ." తమ్ముడు విన్నాడు. అక్క కూడా వినే ఉంటుంది.

రోజులు గడిచినా అక్కకి ముద్ద దిగలేదు. "లోపల ఇంతెత్తున పేరుకుపోయిందిరా, బయటికి దారి లేదు" అంది గుండె మీద చెయ్యి పెట్టుకుని.

హాలు వాళ్ల వీధి చివరే. ఓ సాయంత్రం నాటకం ఆడుతుండగా గాలి ఇటు తిరిగి, అక్క ఏడుపూ దాని వెనకే జనం నవ్వూ కిటికీలోంచి ఇంట్లోకొచ్చాయి. అక్క తల దించుకుంది. భూమి చీలి తనని మింగేస్తే బాగుండునని తమ్ముడికి అనిపించింది.

నాటకం ఆపేస్తే లాభం లేదు, జనం ఇళ్లలో తలుచుకుని ఇంకో ఏడాది నవ్వుతారు. అంతకాలం అక్క తట్టుకోలేదు. అందుకని మర్నాడు చివరి రంగం కొట్టేసి మళ్లీ రాశాడు. ఏడుపులో అక్షరం మార్చలేదు, ఏడవాల్సిన కారణం మార్చాడు.

పిన్నిగారి వేషం వేసే నటుడు చదివి తల గోక్కున్నాడు. "గురువుగారూ, పోయేది గొడుగు కాదా? మొగుడా? టిక్కెట్టు కొన్నది నవ్వుకోడానికండీ, చెప్పులు విసురుతారు."

"నా మీదే విసరమను. ఆ మొగుడి వేషం నాది."

ఆ రోజు సాయంత్రం నాటకాలాయన మొహానికి తెల్ల పౌడరు రాసుకుని, బావ చేసిన కుర్చీలో శవమై కూర్చున్నాడు. పిన్నిగారు ఏడుపందుకుంది. ముక్కు కూత వినగానే అలవాటుకొద్దీ హాలంతా ఘొల్లుమంది. ఆయన కళ్లు తెరవలేదు. శవానికి సిగ్గుపడే వీలు కూడా లేదు కదా.

పిన్నిగారు కుర్చీలోని మనిషి కాళ్ల దగ్గర కూలబడింది. "నేనెలా బతకనే... ఆ పాలు దించు..." ఈసారి నవ్వు సగమే వచ్చింది. మూడోసారి కూత వచ్చేసరికి ఎక్కడో ఒక్కడు నవ్వబోయి, పక్కవాళ్ల మొహాలు చూసి ఆగిపోయాడు.

అంతలో నటుడి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. గొంతు లేదు.

ఆ నిశ్శబ్దంలోకి వీధి అటు చివర్నుంచి ఏడుపు వినిపించింది. "ఆ తలుపు బిగుసుకుంటోంది, రేపు చిత్రిక పడతానన్నావు కదయ్యా... ఎవరమ్మా వాకిట్లో చెప్పులు అడ్డం పెట్టింది, తీయండి... రేపన్నావు కదయ్యా..."

మూసిన కళ్ల కింద శవం బుగ్గల మీద పౌడరు చారలు కట్టింది. తెర లాగేవాడు తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఆయన వేషంతోనే ఇంటికి నడిచి, లోపలికి రావడానికి మొహం చెల్లక గుమ్మంలో ఆగాడు. అక్క ఏడుపు ఆపకుండానే చూసింది.

"మీ బావ లేడురా... ఏంట్రా ఆ మొహం, ముందు కడుక్కుని రా... నాకింకెవరున్నార్రా..."

ఆయన పంపు దగ్గర చాలాసేపు మొహం కడుక్కున్నాడు. లోపలికొచ్చేసరికి అక్క కంచం ముందు కూర్చుని ఉంది, ఏడుస్తూనే తింటోంది.

ఇంతే తల్లీ, ఇంతే నాయనా. ఆయన రాసిన హాస్యాలు మీరు మరిచిపోయినా ఫరవాలేదు. పదిమందిలో నవ్వులపాలు చేసినదాన్ని ఆ పదిమంది ముందే నిలబడి తిరిగిచ్చాడు చూడండీ, ఆ ఒక్క పని మనసులో పెట్టుకోండి. ఎవరి దగ్గరైనా అడక్కుండా తీసుకున్నది మీ చేతిలో ఉంటే, మీరూ అలాగే ఇచ్చేయండి. దేవుడు చల్లగా చూస్తాడు.