జలపాతం దగ్గర జారిన మాట

నేను "నీచుడు" అన్నానని మా బావ అంటాడు. అనలేదని నేనంటాను. మా ఇద్దరికీ సాక్షి మూడువందల అడుగుల ఎత్తునుంచి దూకే జలపాతం. సాక్షి గొంతు పెద్దదే గానీ మాట ఒక్కటీ అర్థం కాదు.

అసలు ఆ రోజు నోటికి తాళం వేసుకునే పార్కుకి వెళ్లాను. బావది చెవి మిషన్ల దుకాణం. ఏడాది కిందట నలుగురిలో, చెవులమ్ముకు బతికే మా బావ ఎవరి మాటా చెవిన పెట్టడన్నాను. నలుగురూ నవ్వారు. ఐదోవాడు బావ. అప్పట్నుంచి అక్కని మా గుమ్మం తొక్కనివ్వలేదు. అమ్మ బతిమాలగా బతిమాలగా ఒక షరతు పెట్టాడు. ఒక్క రోజు నేను ఆయన్ని పల్లెత్తు మాట అనకుండా ఉంటే, అక్క పది రోజులు పుట్టింట్లో ఉండొచ్చు. ఆ ఒక్క రోజే ఇది. అక్క సంచి సర్దుకునే వచ్చింది, వెంట వచ్చిన అమ్మ ఆ సంచి చేతిలోంచి దించలేదు.

దారి పొడుగునా బావ గిల్లుతూనే ఉన్నాడు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే నా బతుకే ఒక అచ్చుతప్పట. నేను పళ్లికిలించాను. పళ్లకే గనక ప్రాణముంటే అవి తిరగబడేవి.

జలపాతం దగ్గర బావ ఫోటో కోసం కమ్మీ దాటి బండ మీదికెక్కాడు. బండంతా పచ్చగా నిగనిగలాడుతోంది. రెండుసార్లు అరిచాను. బావ గిర్రున తిరిగి, వేలు చూపిస్తూ నా మీదికొచ్చాడు. రెండో అడుగుకే నడుంలోతు నీళ్లలో కూలబడ్డాడు.

పార్కు కాపలావాడు కాలర్ పట్టి పైకి లాగాడు. బావ నీళ్లు కక్కకముందే నిప్పులు కక్కాడు. పది రోజులూ లేవు, పది నిమిషాలూ లేవు, కారెక్కమన్నాడు. అక్క అమ్మ చేతిలోని సంచి తీసుకుంది. అమ్మ నా వంక చూడనైనా చూడలేదు.

"ఇంతకీ ఏమన్నాడు సార్?" అన్నాడు కాపలావాడు.

"నీచుడు. రెండుసార్లు."

కాపలావాడు వంగి, బావ ప్యాంటు వెనకనుంచి పచ్చటి జిగురు గీకి ఆయన అరచేతిలో పెట్టాడు. "నాచు సార్. చూడు అన్నాడు. నాచు, చూడు. మేం రోజంతా అరిచేదీ అదే. ఈ హోరులో సగమే వినబడుతుంది."

అందరూ ఆ అరచేతి వైపే చూశారు.

"నేను 'నా' అన్నాను బావా," అన్నాను. "నీకు 'నీ' అని వినబడింది. ఏడాదిగా మన గొడవంతా ఇదే."

బావ నాచుని నా చొక్కాకే తుడిచాడు. అక్క చేతిలోంచి సంచి లాగి అమ్మకిచ్చాడు.

"పది రోజులే," అన్నాడు. "నువ్వు నీచుడివి కాదని మాత్రం ఇందులో ఎక్కడా రుజువు కాలేదు."