సాక్షి ముద్ర

అది జూన్ పదకొండో తేదీ. ఆ పొద్దున కురోకి ఫుసాయే చద్దన్నంలో చల్లని మిసో పులుసు పోసుకుని, కాల్చిన చేప, దోసకాయ ముక్కలు, నువ్వులు కలుపుకుని నిలబడే తిన్నది. గిన్నె కడిగి బోర్లించి, తెల్లని చేతితొడుగులు వేసుకుని, ఎండటోపీ దారాలు గడ్డం కింద ముడివేసేసరికి ఆరున్నర అయింది. రిసార్టు వెనక పైన్ చెట్ల నీడలో ఉన్న సిబ్బంది వసతిలో ఆ ఒంటిగదే ముప్పైయొక్క ఏళ్లుగా ఆమె ఇల్లు. కిటికీలోంచి సముద్రం కనిపించదు, వినిపిస్తుంది. సముద్రం కనిపించే గదులు అతిథులవి. వాటిలో ఆమె ఒక్కసారీ అడుగు పెట్టలేదు.

ఆమె ఆ రిసార్టు గోల్ఫ్ మైదానంలో కేడీ. ఆటగాళ్ల బండి నడపాలి, అడిగిన కర్ర అందివ్వాలి, కొట్టిన బంతి ఎక్కడ పడిందో చెప్పాలి. ఆ మూడో పనే ఇప్పుడామెకు చేతకాదు. పోయిన ఏడు వానాకాలం నుంచి బంతి నేల విడిచిందంటే ఆమె కంటికి మాయమే. కంటి లోపలి పొర పాడయిందని, ఇక తిరిగి రాదని నోబెయోకాలో డాక్టరు చెప్పాడు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే పని పోతుంది, పనితోపాటే గది. బంతికి దెబ్బ తగిలిన చప్పుడు, గాలి వాటం, ఆటగాడి నడుము తిరిగిన తీరు, వీటిని బట్టి చెప్పేది. పదింట తొమ్మిదిసార్లు సరిపోయేది.

ఆ రోజు ఆమె వంతుకు వచ్చినవాళ్లు మిజోకామి అనే పెద్దాయన, ఆయన భార్య తమ్ముడు తరుమి. మిజోకామికి డెబ్భైనాలుగేళ్లు. కుమమోతోలో తాళాల కొట్టు నడిపి ఈమధ్యే మూసేశాడు. ఇలాంటి చోట మూడు రాత్రులు దిగడం ఆయనకిదే మొదలు.

"రాత్రి కన్ను మూతపడలేదమ్మా. పరుపు అంత మెత్తగా ఉంటే మనిషి ఎక్కడ ఆనాలి?"

"మా అక్క మాత్రం హాయిగా పడుకుంది," అన్నాడు తరుమి. "నీ గురక వినబడనంత పెద్ద గది యాభై ఏళ్లకి దొరికింది, బావా."

ఫుసాయే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

పదహారో గుంట సముద్రం అంచునే ఉంది. దూరం తక్కువ. ఎదురెండ నీళ్ల మీద పడి కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. మిజోకామి కొట్టాడు. బంతి ఎవరికీ కనబడలేదు. దూరంగా 'టక్' మన్న చప్పుడు ఫుసాయే చెవిన పడింది. గుంట పక్కనుండే ఇసుక మడిలో, ఇసుక సర్దే పళ్లకర్ర పిడికి తగిలిందనుకుంది.

"కుడివైపు ఇసుకలో పడిందండీ!" అని కేకేసింది.

"అమ్మయ్య, ఇవాళ చేపలు బతికిపోయాయి," అన్నాడు తరుమి.

ముగ్గురూ ఇసుకంతా గాలించారు. చివరికి తరుమి జెండా కర్ర దగ్గరకు వెళ్లి, గుంటలోకి వంగి, వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

"బావా, ఓసారి ఇటు రా."

బంతి గుంటలో ఉంది. ఒకే ఒక్క దెబ్బ. మిజోకామి టోపీ తీసి గుండెకు హత్తుకున్నాడు.

అలాంటి దెబ్బ కొట్టినవాడు ఊరికే ఇంటికి పోకూడదు. స్నేహితులకు విందు చెయ్యాలి, పేరు వేయించిన తువ్వాళ్లు పంచాలి, మైదానంలో మొక్క నాటాలి. ఆ ఖర్చుకు జడిసి చాలామంది ముందే బీమా కట్టుకుంటారు. మిజోకామి కూడా కట్టాడు. అయితే బంతి గుంటలో పడడం కళ్లారా చూశానని కేడీ ముద్ర వేస్తేనే ఆ బీమా చెల్లుతుంది.

కేడీల గదిలోకి ఇసొజాకి బీమా కాగితం పట్టుకొచ్చింది, వెనకే మిజోకామీ వచ్చాడు. ఒకప్పుడు ఫుసాయే దగ్గర పని నేర్చుకున్న మనిషి, ఇప్పుడు కేడీలందరికీ పెద్ద.

"ఇసుకలో పడిందని అరిచారట కదక్కా?"

"నన్ను ఆట పట్టించిందమ్మా," అని మిజోకామి అందుకున్నాడు. "ఉన్నదున్నట్టు చెబితే ముసలాడి గుండె ఆగుతుందని."

"నిజమేనా అక్కా? మీరు చూశారా?"

ఫుసాయేకి తన గది గుర్తొచ్చింది. "చూశాను," అంది.

సంచిలోంచి, సంతకానికి బదులు వాడే తన పేరు ముద్ర తీసి, ఎర్ర సిరా అద్ది, వేలితో కాగితం అంచు తడిమి, శ్రద్ధగా నొక్కింది. వంకర లేకుండా పడింది ముద్ర. కాని అది పడింది సాక్షి గడిలో కాదు, ఆటగాడి గడిలో. మిజోకామి పేరు మీద ఎర్రగా, కురోకి అని ఫుసాయే ఇంటిపేరు.

ఇసొజాకి కాగితాన్ని మెల్లగా తన వైపు జరుపుకుంది.

"ఎప్పటినుంచి అక్కా?"

"పోయినేటి వానల్నుంచి."

"నాకు చెప్పొచ్చుగా."

"చెబితే ఏం చేసేదానివే?"

ఇసొజాకి సిరా డబ్బీకి మూత పెట్టింది. వచ్చే బంతిని చూడలేని మనిషి మైదానంలో నిలబడకూడదు. అది ఫుసాయే తనకు నేర్పిన మొదటి పాఠం.

"నెలాఖరు దాకా గది ఉంచమని పైవాళ్లను అడుగుతాను."

"వద్దులే. నా కోసం నువ్వు ఒకళ్ల ముందు తల వంచకు."

మిజోకామి గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చాడు. "చూడకపోతే పోనీయండి. విన్నారు కదా? నాకు చెవులు కూడా సరిగా లేవు."

"విన్నానండీ. ముందు జెండా కర్రకు తగిలి టక్‌మంది. ఆ తర్వాత మెల్లగా, గిన్నెలో చింతగింజ జారినట్టు."

ఆ రెండో చప్పుడు నిజంగా విన్నదో, ఆయన కోసం అప్పటికప్పుడు పుట్టించిందో ఆమెకే తెలియదు. ఆయన మాత్రం కళ్లు మూసుకుని విన్నాడు. "అది చాలు నాకు. తువ్వాలు ఇవ్వకపోతే స్నేహితులు తల తుడుచుకోరా ఏం?" అని, నడుము వంచి ఆమెకు నమస్కరించి వెళ్లాడు.

ఫుసాయే నోబెయోకాలో ఉన్న తమ్ముడి కొడుకుకు ఫోన్ చేసింది. "రా అత్తా," అన్నాడు. అంతలోనే, "ఎన్ని రోజులుంటావు?" అన్నాడు. "చూద్దాంరా," అంది. ముప్పైయొక్క ఏళ్ల సామాను రెండు సంచుల్లో సరిపోయింది. సిబ్బంది బస్సు ఆ సాయంత్రం ఆరింటికి కదిలింది. డ్రైవరు ఆమెను చూసి ముందు సీటు మీది తన కోటు తీసేశాడు. ఎక్కడికని అడగలేదు.

చివరి ఆటగాళ్లు వెళ్లిపోయాక ఇసొజాకి కేడీల గదిలో దీపం ఆర్పింది. శబ్దం కాకుండా తలుపు జరిపి మూసి, ఆ రాత్రికి గొళ్లెం పెట్టింది.

లోపల, ఫుసాయే పేరున్న చీటీ కింద, వానలో వేసుకునే రబ్బరు బూట్లు. బస్సెక్కే ముందు ఆమె వాటిని మడమల దాకా కడిగి, మొనలు గుమ్మం వైపు తిప్పి పెట్టింది. వాటి నుంచి నీళ్లు ఇంకా నేల మీదికి కారుతున్నాయి.