గోడకి అతకని మూడో బీరువా

ప్రెస్సు నుంచి రాగానే చెప్పులు విడిచి, మొహం కడుక్కుని, టీ గ్లాసుతో ముందుగదిలో కూర్చోవడం ఆవిడకి అలవాటు. కూర్చుని అట్టపెట్టెల వంక చూసేది. అన్నిట్లోనూ పుస్తకాలే. అటక మీద కొన్ని, మంచాల కింద కొన్ని, ఎక్కడున్నాయో ఆవిడకే తెలియనివి కొన్ని.

వీధిలో అందరికీ ఆవిడ అచ్చుతప్పులావిడ. ప్రూఫులు దిద్దే ఉద్యోగం మరి. కొట్టు బోర్డు మీద ఒక ఒత్తు తప్పిపోయినా ఆగి, కొట్టతన్ని పిలిచి చెప్పి గానీ కదలదు. పుట్టిన ఇంట్లోనే, తమ్ముడితోనూ మరదలితోనూ ఉంటూ యాభైలో పడింది. ఆ ఇంట్లో తనదంటూ గోడకి బిగించిన వస్తువు ఒక్కటీ లేదు. తన మంచం ఎటు జరిపినా జరుగుతుంది, కుర్చీ జరుగుతుంది. చుట్టాలొస్తే ఆవిణ్ణి కూడా కాస్త సర్దుకోమంటారు. సర్దుకునేది.

అందుకే మూడు బీరువాలు కొంది. షాపులో రెడీమేడ్‌గా దొరికే తెల్లటి పుస్తకాల బీరువాలు.

"వీటిని చూస్తే కొనుక్కొచ్చి పెట్టినట్టుండకూడదు. ఇంటితో పాటే కట్టినట్టుండాలి," అంది.

"దాందేముందండీ, కట్టేద్దాం," అన్నారు డ్రైవరుగారు.

ఆయన చాలా ఏళ్ళు బస్సు నడిపి, రిటైరయ్యాక చెక్కపని మొదలెట్టిన మనిషి. భార్య పోయాక ఊరికే కూర్చోలేక నేర్చుకున్నానని చెప్పుకునేవారు. పనితనం మరీ అంత గొప్పదేం కాదు. టేపు జేబులోనే ఉంచి, ఇరుకు సందులోకి బస్సు తిప్పుతున్నట్టు ఒక కన్ను మూసి చూసి, "పట్టేస్తుంది" అంటారు. చాలాసార్లు పట్టదు. అప్పుడు నవ్వేసి టేపు తీస్తారు.

పని చిన్నదే. కింద చెక్కపీట వేసి, దానిమీద మూడిట్నీ పక్కపక్కన నిలబెట్టి, ఒకదానికొకటి స్క్రూలతో బిగించాలి. వెనక గోడకి పట్టించాలి. పక్కగోడకీ బీరువాకీ మధ్య మిగిలిన సందుని చెక్కపట్టీతో మూసి, అతుకుల్లో లప్పం పెట్టి, మొత్తానికీ గోడ రంగే వేసేస్తే బీరువా ఎక్కడ మొదలైందో గోడ ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలియదు.

డ్రైవరుగారు మూడిట్నీ ముందు ఊరికే వరసగా నిలబెట్టి, సందు కొలిచి వెళ్ళి, పట్టీ కోసుకొచ్చారు. పెడితే పట్టీ పక్కన ఇంకా వేలు దూరేంత ఖాళీ.

"ఈసారి టేపుతోనే కొలిచానే!" అన్నారు ఆయన, తలగోక్కుంటూ.

"గోడ జరిగినట్టుందండీ," అంది మరదలు వంటగదిలోంచి. "దానికా అలవాటుంది."

"అలాగా. చెప్పారు కారేం?" అని ఆయన మళ్ళీ కొలుచుకున్నారు.

అవతల సందులో స్కూటర్ పెట్టుకునే ఎదురింటాయన కూడా కిటికీలోంచి తొంగిచూసి, "మీ గోడ కాస్త ఇటొచ్చిందండోయ్" అని, స్కూటర్ పక్కకి లాక్కుని తన పనిమీద వెళ్ళిపోయాడు.

మళ్ళీ పట్టీ వచ్చింది. మళ్ళీ చాల్లేదు. ఇంకోసారి వెడల్పుగా కోసుకొస్తే, అప్పటికి గోడ లోపలికొచ్చి కూర్చుంది. ఆయన వచ్చినప్పుడల్లా గోడని ఓసారి పలకరించినట్టు తట్టి, టేపు తీసేవారు. ఆవిడ టేపు రెండో కొస పట్టుకునేది. కొలిచాక టీ. టీ అయ్యాక మాటలు. బస్సు నడిపే రోజుల్లో అద్దంలో కనబడే మొహాల గురించి ఆయన చెప్పేవారు. ఎక్కేటప్పుడు చిరాకుగా ఉన్నవాళ్ళు కూడా కిటికీ సీటు దొరికితే చిన్నపిల్లలైపోతారట.

అచ్చుతప్పులావిడకి ఏమీ పాలుపోలేదు. ఒక అక్షరం అటూ ఇటూ అయితేనే ఒళ్ళు మండే మనిషి తను. ఇన్నిసార్లు పని చెడుతుంటే కోపం రావాలి కదా? రావడం లేదెందుకు? ప్రెస్సులో ఒక పేజీని రెండుసార్లు దిద్ది, మొదటిసారి కొట్టేసిందాన్నే రెండోసారి మళ్ళీ రాసింది. ఒంట్లో బాగాలేదేమో అనుకుని నాడి చూసుకుంది. నాడి బాగానే ఉంది.

"వదినా, గోడ కదిలిందంటే మీ తమ్ముడు విసుక్కుంటున్నాడు. నువ్వేంటి టీపొడి కొనుక్కొస్తున్నావు?" అంది మరదలు.

"అయిపోయింది కాబట్టి," అంది ఆవిడ. డబ్బా సగం పైనే ఉంది.

ఒక ఆదివారం పొద్దున మొదటి రెండు బీరువాలూ బిగించి, మూడోదాన్ని ఎత్తి పెట్టబోతే, గోడ అక్కడికే వచ్చేసి ఉంది. మూడోదానికి చోటు లేదు. రెండో బీరువాకి అతుక్కుని, మధ్యలో కాగితం కూడా దూరనట్టు నిలబడింది. పట్టీ అక్కర్లేదు, లప్పం అక్కర్లేదు. ఆ రెండూ అచ్చం ఇంటితో పాటు కట్టినట్టే ఉన్నాయి.

అందరూ ఎదురుచూశారు. వారం గడిచినా గోడ వెనక్కి పోలేదు. మూడో బీరువా గది మధ్యలో, దారికి అడ్డంగా నిలబడిపోయింది.

"షాపువాడికి తిరిగిచ్చేద్దాం లే అక్కా," అన్నాడు తమ్ముడు.

ఆవిడ బీరువాని చుట్టి గోడ దగ్గరికి వెళ్ళింది. ఇన్నాళ్ళూ ఇంటికి ఎవరొచ్చినా జరిగి చోటిచ్చిన గోడ, తన దగ్గరికొచ్చేసరికి ఇలా చేసిందేమిటి? పొమ్మంటోందా? ఉన్నది చాలు, ఇంకా ఎందుకంటోందా? గోడకి చెయ్యి ఆనించి చూసింది. వెచ్చగా ఉంది. కోపంగా ఉన్నట్టయితే లేదు.

"మా ఇంట్లో ఒక గోడ ఖాళీగానే ఉందండీ," అన్నారు డ్రైవరుగారు, టేపు చుట్టుకుంటూ, ఆవిడ వంక చూడకుండా. "మీకు అభ్యంతరం లేకపోతే అక్కడ పెడదాం. పుస్తకం కావాలనుకున్నప్పుడు వచ్చి తీసుకోవచ్చు."

మర్నాడు ట్రాలీలో బీరువా ఎక్కించి, రెండు పెట్టెల పుస్తకాలతో ఆవిడా వెళ్ళింది. చిన్న ఇల్లు, శుభ్రంగా ఉంది. గోడ కొలిచారు. పీట వేసి, బీరువా నిలబెట్టి, మళ్ళీ కొలిచారు. అంతే ఉంది. ఆవిడ నమ్మలేక ఇంకోసారి కొలవమంది.

"మీ గోడ కదలదా?"

"లేదండీ. ఎక్కడుందో అక్కడే."

ఆవిడ ఆ గోడని కిందినుంచి మీదదాకా వింతగా చూసింది.

పట్టీ మొదటిసారికే సరిపోయింది. లప్పం పెట్టారు, ఆరాక ఉప్పుకాగితంతో రుద్దారు, రంగు వేశారు. మధ్యాహ్నానికల్లా పనైపోయింది. ఇద్దరూ చేతులు తుడుచుకుంటూ నిలబడ్డారు.

"ఇక్కడైతే ఒక్కపూటలో అయిపోయిందండీ," అన్నారాయన, ఏదో నష్టం జరిగినట్టు. "మళ్ళీ కొలవాల్సిన పని లేదు."

"అయితే వెళ్ళాలా?" ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆవిడకి కాస్త ఆలస్యంగా తెలిసింది.

"వెళ్ళమని నేనన్నానా?"

బయట మబ్బు పట్టింది. గుమ్మం దాకా వెళ్ళిన అచ్చుతప్పులావిడ, ఎందుకు వెళ్ళిందో గుర్తురానట్టు వెనక్కొచ్చి పుస్తకాల పెట్టె పక్కన కూర్చుంది.

"తడిమీద పుస్తకాలు పెడితే అట్టలు పాడవుతాయి. రంగు ఆరేదాకా ఉంటాను," అంది.

రంగు ఎప్పుడు ఆరిందో ఇద్దరూ చూడలేదు.